పాలలా వచ్చే మూత్రం: డాక్టరుగారికి ఫుల్ మార్కులు, డైట్ చార్టుకి సున్నా

కాకినాడలో మా పెదనాన్నని చూపించిన ఓ ప్రైవేటు యూరాలజీ ఆసుపత్రి గురించి ఇది, పేరు రాయడం లేదు. ఆయనకి మూత్రం పాలలా తెల్లగా వచ్చేది, ఒక్కోసారి గడ్డలు కట్టి అడ్డం పడేది. అంతకుముందు చూసినవాళ్లు చీము అనుకుని యాంటీబయాటిక్స్ మార్చి మార్చి రాశారు, మనిషి సగమైపోయాడు. ఇక్కడి డాక్టరుగారు సీసాలో పట్టించి, వెలుతురుకి ఎత్తి చూసి, "పూరీలు, వేపుళ్లు తిన్నరోజు ఎక్కువవుతోందా?" అని అడిగారు. ఔనన్నాం. కైలూరియా అన్నారు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగే లింఫు నాళాలని పాడుచేస్తే, వాటిలో పోవాల్సిన కొవ్వూ ప్రోటీనూ కిడ్నీలోకి లీకై మూత్రంలో పోతాయట, కాలు వాయకపోయినా సరే.

ఈ పురుగు పిల్లలు రక్తంలో బాగా కనపడేది రాత్రి పది దాటాకే, వీళ్ల ల్యాబేమో తొమ్మిదికే మూసేస్తారు! బయట చేయించాం. ఏమీ కనపడలేదు, ఈ జబ్బులో అది మామూలేనట.

డైటీషియన్ ఇచ్చిన కాగితం చూస్తే మాత్రం ఒళ్లు మండింది. కిడ్నీ ఫెయిలైనవాళ్లకిచ్చే చార్టే జిరాక్స్ తీసి చేతిలో పెట్టారు. పప్పు వద్దు, గుడ్డు వద్దు. ప్రోటీన్ పోయి చిక్కిపోతున్న మనిషికి! డాక్టరుగారు పెన్నుతో అడ్డంగా కొట్టేసి పప్పు, గుడ్డులో తెల్లసొన, వెన్న తీసిన మజ్జిగ అని రాశారు, నూనె బాగా తగ్గించి ఆ కాస్తా కొబ్బరినూనె వాడమన్నారు, దాని కొవ్వులో కొంత లింఫు దారి పట్టకుండా నేరుగా లివర్‌కి పోతుందని. కొబ్బరినూనెతో కూరేంటని మా పెద్దమ్మ ఇప్పటికీ సణుగుతోంది.

ఫైలేరియా పురుగుని చంపే డీఈసీ మాత్రలు 12 రోజులు. పురుగు చచ్చినా లీకు మూసుకోకపోవచ్చని ముందే చెప్పారు, అలాగే అయింది. తర్వాత ప్రొసీజర్. ముందురోజు రాత్రి వెన్న వేసుకుని తినమంటే పెదనాన్న మొహం చూడాలి, అన్నాళ్ల పత్యం తర్వాత మరి! తెల్లగా వస్తేనే స్కోపులో, అంటే మూత్రాశయంలోకి పెట్టి చూసే కెమెరా గొట్టంలో, లీకు ఏ కిడ్నీదో తెలుస్తుందట. ఎడమదని తేలింది. లీకు మూసుకుపోయేలా సన్నటి గొట్టంతో ఆ కిడ్నీలోకి పలచన చేసిన పోవిడోన్ అయోడిన్ మందు ఎక్కించారు. కోత లేదు, నడుం నొప్పి కొంచెం ఉంది, మూత్రం తేటపడింది. మళ్లీ రావచ్చని కూడా దాచకుండా చెప్పారు.

బిల్లింగ్ సంగతి వేరే. ప్యాకేజీ అన్నారు, డిశ్చార్జి రోజు స్కోపు చార్జీ విడిగా వేశారు. అడిగితే "సిస్టంలో అలాగే వస్తోందండీ". వెళ్లేవాళ్లు ఎస్టిమేటు కాగితం మీద రాయించుకోండి, డైట్ చార్టు డాక్టరుగారికి చూపించాకే ఇంటికి పట్టుకెళ్లండి.