మేజన్ క్రీక్ గుండ్రాళ్లు: సుత్తి మేలా, ఫ్రీజర్ మేలా?

మార్చి వచ్చిందంటే చికాగో చుట్టుపక్కల ఉండే మనవాళ్ల నుంచి నాకు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. వీకెండ్‌లో పిల్లల్ని తీసుకుని, శిలాజాలు ఏరుకోనిచ్చే మేజోనియా-బ్రెయిడ్‌వుడ్ అనే చోటికి వెళ్తారు. పాత బొగ్గు గనుల మట్టి దిబ్బల మీద, లోపల పాతకాలపు జంతువుల శిలాజాలు ఉండొచ్చని, తుప్పు రంగు గుండ్రాళ్లు ఏరి బకెట్లో వేసుకొస్తారు. మేజన్ క్రీక్ గుండ్రాళ్లంటే ఇవే. ఇంటికి రాగానే ఫొటో పంపి, "అన్నయ్యా, వీటిని సుత్తితో కొట్టేయమంటారా, ఫ్రీజర్లో పెట్టమంటారా?" అని అడుగుతారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసేస్తే నయమనిపించింది. పర్మిట్ సంగతి, మార్చి 1 నుంచి సెప్టెంబర్ 30 వరకే ఏరుకోనిస్తారన్న సంగతి వెళ్లొచ్చినవాళ్లకి ఎలాగూ తెలుసు కాబట్టి వాటి జోలికి పోను.

ముందే చెప్పేస్తాను, నా ఓటు ఫ్రీజర్‌కే. అలాగని సుత్తిని అటకెక్కించమనను. ఎందుకో తెలియాలంటే ఈ రాళ్లలో జంతువులు ఎలా చిక్కుకున్నాయో ఒక్కసారి చూడాలి.

సుమారు 31 కోట్ల ఏళ్ల కిందట ఇప్పటి ఇల్లినాయ్ భూమధ్యరేఖకు దగ్గర్లో ఉండేది. నదులు మోసుకొచ్చిన మెత్తటి బురద తీరంలోని జీవాల మీద గబగబా పేరుకుంది. బురదలో ఒళ్లు కుళ్లుతుంటే దాని చుట్టూ ఇనుమూ కార్బొనేటూ కలిసి సిడరైట్ అనే ఖనిజంగా గట్టిపడ్డాయి. మిగతా బురద పైబరువుకి అణిగి పలకలు పలకలుగా మారేలోపే ఈ ముద్ద గట్టిపడింది. అందుకే ఎముకా పెంకూ లేని ప్రాణుల ఆకారం కూడా ఇక్కడ నిలిచింది. అయితే చాలావాటిలో నిలిచింది పలచని ముద్ర మాత్రమే. రాయి మధ్యలో, జంతువు పడుకున్న ఆ ఒక్క పొర వెంటే అది ఉంటుంది. ఆ పొర దగ్గర రాయి విడిపోతే జంతువు కనిపిస్తుంది. రెండు మిల్లీమీటర్లు పక్కకి పగిలినా రాయి తెరుచుకున్నట్టే ఉంటుంది, లోపలిది మాత్రం చేతికి రాదు.

సుత్తితో ఉన్న సుఖం వేగం. పిల్లలు ఎదురుగా కూర్చుని ఉంటే ఆ వేగానికి విలువ ఉంది, కాదనను. కళ్లద్దాలు పెట్టుకుని, రాయిని గట్టి దిమ్మ మీద అంచుపై నిలబెట్టి, చుట్టూ తిప్పుతూ అంచు వెంట చిన్న చిన్న దెబ్బలు వెయ్యాలి. అదృష్టం బాగుంటే రెండు చెక్కలుగా విడిపోతుంది. కానీ దెబ్బ తనకి దగ్గర దారి వెతుక్కుంటుంది, జంతువు ఎటు పడుకుందో దానికి అక్కర్లేదు. పొడుగాటి రాయి చాలాసార్లు నడుము దగ్గర అడ్డంగా విరుగుతుంది. పురుగు తల ఒక ముక్కలో, తోక ఇంకో ముక్కలో, మధ్యభాగం నేలమీద పొడిలో పోతుంది.

ఫ్రీజర్ పద్ధతిలో పని చేసేది నీళ్లు. రాళ్లని ముందు వారం పదిరోజులు బకెట్ నీళ్లలో నాననివ్వాలి. ఈ నానబెట్టడం దగ్గరే చాలామంది తొందరపడతారు. నీళ్లు లోపలికి ఇంకకపోతే ఫ్రీజర్లో ఎన్నిసార్లు పెట్టినా ఫలితం ఉండదు. తర్వాత పాత ఐస్‌క్రీమ్ డబ్బాలో రాళ్లు మునిగేలా నీళ్లు పోసి రాత్రంతా గడ్డ కట్టించాలి. పొద్దున బయట పెట్టి మామూలు గది వేడికే కరగనివ్వాలి, మళ్లీ పెట్టాలి. గాజు సీసాలు వద్దు, పగులుతాయి. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఇంకిన నీళ్లు రాయిలో అన్నిటికన్నా బలహీనమైన చోట ఉబ్బి, అక్కడే నెట్టుకుంటూ తెరుస్తాయి. చాలా రాళ్లలో ఆ బలహీనమైన చోటు జంతువు ఉన్న పొరే.

కొన్ని రాళ్లు నాలుగైదు విడతల్లో తెరుచుకుంటాయి, కొన్నిటికి నెలలు పడుతుంది, కొన్ని ఎంతకీ లొంగవు. తెరుచుకున్నవాటిలో కూడా ఎక్కువ భాగం ఖాళీవే. సుత్తితో కొడితే తేలని ఒక విషయం ఇక్కడ తేలుతుంది: ఫ్రీజర్లో శుభ్రంగా విడిపోయి లోపల ఏమీ లేకపోతే అది ఖాళీ అని దాదాపు నమ్మకంగా చెప్పొచ్చు. సుత్తితో పగిలిన రాయిలో ఏమీ కనిపించకపోతే అది ఖాళీయా, దెబ్బ తప్పిందా అన్నది తెలియదు.

నా మటుకు ఇక్కడ తేల్చి చెప్పేది వేగమూ కాదు, శ్రమా కాదు. రెండు చెక్కలూ చెక్కుచెదరకుండా దక్కాయా లేదా అన్నదే. ఎందుకంటే ఇక్కడి జంతువుని గుర్తుపట్టడానికి పనికొచ్చే ఆనవాళ్లు చాలా చిన్నవి, అవి రెండు ముఖాల మీదా పంచుకుని ఉంటాయి. ఒక చెక్క మీద గుంటగా ఉన్నది రెండో దాని మీద ఉబ్బుగా ఉంటుంది. ఒక వైపు కనిపించని గీత రెండో వైపు కనిపిస్తుంది. అందుకే రెండిటికీ ఒకే నంబర్ రాసి రబ్బరు బ్యాండ్ వేసి పెట్టండి.

మీకు అన్నిటికన్నా ఎక్కువగా తగిలే ఎసెక్సెల్లా అనే మెత్తటి జంతువునే తీసుకోండి. ఇక్కడ ఏరుకునేవాళ్లు దాన్ని 'బ్లాబ్' అని తేలిగ్గా తీసిపారేస్తారు, చాలామంది దిబ్బ మీదే వదిలేసి వస్తారు. బాగా తెరుచుకున్న ఒకదాన్ని టేబుల్ ల్యాంప్ వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి. సంచిలాంటి ఆకారం, ఒక కొస గుండ్రంగా నునుపుగా ఉంటుంది, అక్కడి నుంచి కిందికి తెరలా పరుచుకున్న భాగం మీద సన్నటి ముడతలు కనిపిస్తాయి. గుండ్రటి కొస ఎక్కడ ఆగి తెర ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఒక మెట్టులాంటి అంచు వేలికి తగులుతుంది. 1979లో పేరు పెట్టినప్పటి నుంచీ దీన్ని జెల్లీఫిష్ అనే అనుకున్నారు. గుండ్రటి కొస గొడుగు, కిందిది తెర అన్నారు. 2023లో శిలాజ శాస్త్రవేత్త రాయ్ ప్లాట్నిక్, మరికొందరు చికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో ఉన్న వేలాది నమూనాలు చూసి, ఇది జెల్లీఫిష్ కాదు, సీ అనెమొనీ (సముద్రం అడుగున పాతుకుని బతికే, పువ్వులాంటి జంతువు) అని తేల్చారు. అంటే ఇన్నాళ్లూ బొమ్మని తలకిందులుగా పట్టుకున్నాం. గొడుగనుకున్నది బురదలోకి దిగడానికి వాడుకున్న పాదం, తెర అనుకున్నది దాని ఒళ్లు. ఈ నిర్ణయం మొత్తం ఆ గుండ్రటి కొస, దాని కింది ముడతలు, రెండూ కలిసే అంచు మీద ఆధారపడి ఉంది. సుత్తి దెబ్బకి ముందుగా ఎగిరిపోయేది సరిగ్గా ఆ అంచే. పైగా ఎవరూ పట్టించుకోని బ్లాబ్‌లు అన్ని వేలు దాచి ఉంచబట్టే ఆ పని జరిగింది, కాబట్టి దయచేసి వాటిని పారెయ్యకండి.

ఇంకో ఉదాహరణ గుర్రపునాడా పీతల బంధువు యూప్రూప్స్. అర్ధచంద్రంలాంటి తల డాలు, చుట్టూ ముళ్లు ఉంటాయి కాబట్టి దాన్ని పిల్లలు కూడా గుర్తుపడతారు. 2021లో ఇక్కడి యూప్రూప్స్ నమూనా ఒకదానిలో మెదడు ఆకారం నిలిచి ఉందని బయటపెట్టారు. మెదడు కుళ్లి పోయిన చోట కేయోలినైట్ అనే తెల్లటి బంకమట్టి నిండి అచ్చులా మిగిలింది. ఆ తెల్లటి పొడిని మురికి అనుకుని టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగేసేవాళ్లు ఎంతమందో. సుత్తి అదురుకు కూడా ఆ పొడి రాలిపోతుంది. తెరిచాక నీళ్లలో ఒకసారి ముంచి ఆరబెట్టండి, అంతకు మించి ఏమీ చెయ్యొద్దు.

పురుగుల విషయంలో తేడా ఇంకా స్పష్టం. ఎస్కోనైట్స్ అనే సముద్రపు పురుగుని మిగతా వంకర గీతల నుంచి వేరుచేసేది ఒళ్లు పొడుగునా రెండు పక్కలా ఉండే వెంట్రుకల్లాంటి కుచ్చులు, తల దగ్గరి చిన్న దవడలు. కుచ్చులు కనిపించకపోతే అది పురుగో, ఇంకేదో తిన్న జంతువు విసర్జించిన రెట్టో చెప్పడం కష్టం. రెట్టల్లో చిన్న చిన్న పొలుసులూ ఎముక ముక్కలూ చిందరవందరగా కనిపిస్తాయి, ఒళ్లులా వరస కణుపులు ఉండవు. రొయ్యల్లాంటివాటికి తోక చివరి విసనకర్ర చూడండి. మేజోనోమియా ఆల్చిప్పలకి మాత్రం ఏ పద్ధతైనా ఒకటే, ఆకారం గట్టిగా నిలుస్తుంది, ఎలా తెరిచినా తెలిసిపోతుంది.

అందరూ కలలుగనేది టల్లీ మాన్‌స్టర్ అనే వింత జంతువు. 1950ల్లో ఫ్రాన్సిస్ టల్లీ దాన్ని కనిపెట్టి ఫీల్డ్ మ్యూజియంకి తీసుకెళ్లాడు, 1966లో యూజీన్ రిచర్డ్‌సన్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు, 1989లో అది ఇల్లినాయ్ రాష్ట్ర శిలాజమైంది. ముందు పొడవాటి తొండం, దాని కొసన పళ్లున్న పటకారు, ఒంటికి అడ్డంగా ఒక కడ్డీ, ఆ కడ్డీ రెండు కొసల్లో కళ్లు. వెన్నెముక ఉన్న జంతువని 2016లో కొందరన్నారు, మరుసటి ఏడే ఇంకొందరు కాదన్నారు. 2023లో జపాన్ పరిశోధకులు 150కి పైగా టల్లీ నమూనాల ఉపరితలాన్ని లేజర్‌తో త్రీడీలో స్కాన్ చేసి, వెన్నెముక జీవుల లక్షణాలు అందులో లేవని వాదించారు. వాళ్లు కొలిచింది తెరిచిన రాతి ముఖం మీది ఎత్తుపల్లాలని. ఆ ముఖం సుత్తి మొనతో గీసుకుపోయి ఉంటే కొలవడానికి ఏముంటుంది? మీ బకెట్లో టల్లీ ఉండే అవకాశం తక్కువే. కానీ తెరిచేదాకా ఏ రాయిలో ఏముందో తెలియదు కాబట్టి ప్రతి రాయినీ అది ఉన్నట్టే చూడాలంటాను.

మరి సుత్తి ఎప్పుడు? ఫ్రీజర్లో కొన్ని విడతలయ్యాక రాయి చుట్టూ వెంట్రుకంత పగులు కనిపిస్తే, ఆ పగులు మీద చిన్న సుత్తితో రెండు మెత్తటి దెబ్బలు. దిబ్బ మీదే చలికాలపు మంచుకి సగం విచ్చుకున్న రాళ్లు దొరుకుతాయి, వాటికీ అంతే. ఫ్రీజర్లో పట్టని పెద్ద రాళ్లకి కూడా సుత్తే గతి.

సీటీ స్కాన్ గురించి అడిగేవాళ్లు పెరిగారు. తెరవకుండానే చూడొచ్చు కదా అని. బ్రిటన్‌లో కోస్లీ దగ్గర దొరికిన ఇలాంటి సిడరైట్ రాళ్లలోని సాలీడు బంధువులని 2009లో ఇంపీరియల్ కాలేజ్ వాళ్లు ఎక్స్‌రే మైక్రో టోమోగ్రఫీతో, అంటే చాలా సూక్ష్మమైన సీటీ స్కాన్‌తో, కాళ్లూ ముళ్లూ సహా అద్భుతంగా చూపించారు. అక్కడ జంతువు ఉన్న చోట ఖాళీ మిగిలింది, ఖాళీ ఎక్స్‌రేకి బాగా కనబడుతుంది. మెత్తటి ఒళ్లు ముద్రగా మాత్రమే మిగిలితే చుట్టూ ఉన్న రాయికీ దానికీ సాంద్రతలో తేడా తక్కువ, తెర మీద ఏమీ విడిగా తేలదు. ఖర్చు సరేసరి. ల్యాబుల్లో తెలిసినవాళ్లుంటే తప్ప మనకి పనికొచ్చేది కాదు.

ఈ సందర్భంలో తప్పకుండా వచ్చే మాట సాలగ్రామం. అవును, అదీ ఈ కుటుంబానిదే. నేపాల్‌లో ముక్తినాథ్ దగ్గరి నల్లటి పలకరాళ్లలో, సుమారు 15 కోట్ల ఏళ్ల కిందటి అమ్మోనైట్ల (చుట్టలు తిరిగిన గుల్ల ఉన్న సముద్రజీవుల) చుట్టూ గట్టిపడిన గుండ్రాళ్లని గండకి నది దొర్లించి నునుపు చేసింది. దాన్ని గుర్తుపట్టడానికి తెరవాల్సిన అవసరమే లేదు. అమ్మోనైట్‌ది గట్టి గుల్ల, అణిగిపోకుండా నిండుగా నిలిచింది. ద్వారంలోంచి కనిపించే చక్రం చుట్లు, చుట్ల మీది అడ్డగాట్లు చాలు. ఇంట్లో పూజలో ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. గట్టి గుల్ల ఉన్నదానికీ, మెత్తటి ఒళ్లు ముద్రగా మిగిలినదానికీ పద్ధతి వేరని అది చక్కగా చూపిస్తుంది.

యాసిడ్, వెనిగర్ గురించి రెండు మాటలు చాలు. ఆస్ట్రేలియాలో గోగో అనే చోటి సున్నపురాతి ముద్దల్లోని చేపలకి ఎసిటిక్ యాసిడ్ బ్రహ్మాండంగా పనిచేసింది. 2008లో కడుపులో పిల్లతో బయటపడిన మాటర్‌పిసిస్ అనే చేప అక్కడిదే. అది సున్నం కరిగి ఎముక మిగిలే చోటు. మన సిడరైట్ రాళ్లలో చాలావాటిలో మిగలడానికి ఎముకే లేదు, వదిలెయ్యండి.

ఇంట్లో ఫ్రీజర్ ఖాళీ లేదనేవాళ్లకి, రొట్టెల పక్కన రాళ్లేమిటని గొడవ పడేవాళ్లకి ఒక తోవ ఉంది. సెప్టెంబర్ దాకా ఏరినవి పెరట్లో ప్లాస్టిక్ బకెట్లో పెట్టి, రాళ్ల పైన నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, మూత వదులుగా వేసి చలికాలమంతా అలాగే ఉంచండి. ఇక్కడి చలి రాత్రి గడ్డ కట్టిస్తుంది, ఎండ కాస్తే మధ్యాహ్నం కరిగిస్తుంది. నెలకోసారి చూసి విచ్చుకున్నవాటిని రెండు చెక్కలూ కలిపి తీసి పెట్టుకోండి, నీళ్లు తగ్గితే పోస్తుండండి. మార్చిలో కొత్త రాళ్లు తెచ్చేనాటికి తెరుచుకోనివి మిగిలితే అదే బకెట్లో ఇంకో ఏడాది ఉండనివ్వండి.