కటిక ఉపవాసమా, మాట మీద అదుపా?

కార్తీక సోమవారం పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని అమ్మలు మన ఇళ్లలో చాలామందే. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు అలా ఉంటే కళ్లు తిరిగి పడిపోవచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. గీత 17వ అధ్యాయం 6వ శ్లోకంలో, ఒంటిని హింసించేవాళ్లు లోపలున్న తననే బాధపెడుతున్నారని కృష్ణుడు అంటాడు. 19వ శ్లోకమైతే మొండిపట్టుతో తనను తాను పీడించుకునే తపస్సును తామసమనే చెప్పింది.

15వ శ్లోకంలో ఇంకో తపస్సు ఉంది: ఎవరినీ నొప్పించని, నిజమైన, మేలు చేసే మాట. దీనికి కడుపు మాడ్చుకోనక్కర్లేదు. నిజానికి ఇదే కష్టం. ఆకలి నక్షత్రాలు కనిపించేదాకే; కోడలి మీద విసుక్కోకుండా ఉండడం రోజంతా, రోజూ. డాక్టరు చెప్పినట్టు తిని, మాత్ర వేసుకుని, నెమ్మదిగా మాట్లాడుతూ దీపం పెట్టే అమ్మ వైపే నేను.