ఘాట్ రోడ్డు గేమ్: 4కె అందమా, 60 ఫ్రేముల వేగమా?

తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతూ సొంతంగా గేమ్ చేయాలనుకునే పిల్లలు మొదట్లోనే తేల్చుకోవాల్సిన విషయం ఇది. తిరుమల ఘాట్ రోడ్డు మీద కారు నడిపే గేమ్ అనుకుందాం.

క్వాలిటీ మోడ్ అంటే 4కె (చాలా స్పష్టమైన తెర చిత్రం), సెకనుకు 30 ఫ్రేములు, అంటే 30 బొమ్మలు. ఒక్కో ఫ్రేములో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, గీయడానికి 33.3 మిల్లీసెకన్ల గడువు. శేషాచలం ఎర్రరాళ్ల మీద సాయంత్రపు ఎండ, చెట్ల నీడలు కళ్లకు పండగే.

పెర్ఫార్మెన్స్ మోడ్‌లో 60 ఫ్రేములు. గడువు 16.7 మిల్లీసెకన్లే. 4కె కన్నా తక్కువ స్పష్టత ఉన్న 1440పీకి దిగితే పిక్సెళ్లు 37 లక్షలకు తగ్గి, పని కుదురుతుంది. స్టిక్ తిప్పగానే మలుపులో కారు మాట వింటుంది. నా ఓటు దీనికే. గోడకు గుద్దుకున్నవాడికి నీడలు ఎంత బాగున్నా చిరాకే కదా!

2013 నాటి గేమ్ కన్సోల్ పీఎస్4 (ప్లేస్టేషన్ 4)లోనూ ఆడాలంటే మాత్రం లెక్క మారుతుంది. అక్కడ అసలు టెన్షన్ తరచుగా సీపీయూ (లెక్కలు చేసే ప్రధాన చిప్)తోనే. ముందు వెళ్లే బస్సుల కదలికలు, ఢీకొన్నప్పటి ఫిజిక్స్ సీపీయూ మోసే పనులు. పిక్సెళ్లు ఎంత తగ్గించినా ఆ భారం తగ్గదు, బస్సులనే తగ్గించాలి. పైగా దాని హార్డ్ డిస్క్, పీఎస్5లోని ఎస్ఎస్‌డీ (వేగమైన స్టోరేజీ) అంత చురుగ్గా కొత్త మలుపులను లోడ్ చేయలేదు. అందుకే పాతదాంట్లో నిలకడైన 30, 2020లో వచ్చిన పీఎస్5లో 60 పెట్టుకోండి.

ఫిజిక్స్‌ను, అంటే కారు కదలికల లెక్కను మాత్రం ఫ్రేముల సంఖ్యకు ముడిపెట్టకండి. పెడితే పీఎస్5లో అదే కారు రెట్టింపు వేగంతో పోతుంది.