పెలోసీకి ఆపారు, బైడెన్‌కు ఆపలేదు: ఇద్దరు పీఠాధిపతుల రెండు దారులు
గర్భస్రావ హక్కును సమర్థించే కాథలిక్ నాయకులకు దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) ఇవ్వాలా వద్దా? దీనిపై అమెరికాలో రెండు దారులు కనిపించాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ఆర్చ్‌బిషప్ కోర్డిలియోన్ 2022 మేలో, అప్పటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీకి తన పీఠం పరిధిలో సత్ప్రసాదం ఇవ్వకూడదని బహిరంగంగా ప్రకటించారు. ఆమెతో మాట్లాడాలని చాలాసార్లు ప్రయత్నించాకే ఈ నిర్ణయమన్నారు కాబట్టి తొందరపడ్డారని నేననను. అప్పటి వాషింగ్టన్ ఆర్చ్‌బిషప్ విల్టన్ గ్రెగరీ మాత్రం బైడెన్‌కు ఆపనని 2020లోనే చెప్పేశారు.

మొదటి దారిలో, గర్భస్రావం పాపమన్న సభ బోధన స్పష్టంగా ఉంటుంది, నిజమే. కానీ పెలోసీ అదే ఏడాది జూన్‌లో వాటికన్‌లో, పోప్ ఫ్రాన్సిస్ అధ్యక్షత వహించిన పూజలోనే సత్ప్రసాదం తీసుకున్నారు, మరి ఊరు మారితే నియమం మారుతుందా అని మామూలు విశ్వాసి అడిగితే ఏం చెప్తాం? నాకైతే గ్రెగరీ దారే సరైనదనిపిస్తుంది, విభేదించే మనిషితో మాట మిగులుతుంది.