డాల్ఫిన్ షోనా, చేపల ట్యాంకులా? సముద్ర పార్కు గేముల్లో ఏది మేలు

సముద్రం చూడాలంటే నల్గొండ వాళ్లం బాపట్ల దాకా పోవాలి. కంప్యూటర్లోనైనా ఒక సముద్ర జంతువుల పార్కు నడపాలని సరదా ఉంటే ముందు రెండు గేముల మధ్య తేల్చుకోవాలి: జూ నడిపే పాత గేమ్ జూ టైకూన్‌కు జతగా వచ్చిన మెరైన్ మేనియా ఒకటి, చేపల ట్యాంకులతో పార్కు నడిపే మెగాక్వేరియం ఇంకొకటి. నా ఓటు రెండోదానికే.

మెరైన్ మేనియా 2002 నాటిది. ట్యాంకు కట్టి డాల్ఫిన్లను, ఓర్కాలను (కిల్లర్ వేల్స్) దించొచ్చు. పక్కనే షో ట్యాంకు కట్టి, మధ్యలో దారి పెట్టి, వాటితో ఫీట్లు చేయించొచ్చు. జనానికి గ్యాలరీ వేస్తే పైసలు వస్తాయి. బొమ్మలు పాతకాలంవే అయినా ఆ సందడి బాగుంటుంది. చిక్కల్లా గేమ్ దొరకడమే. పాత సీడీ ఎవరి దగ్గరన్నా ఉండాలి, ఉన్నా ఇప్పటి విండోస్‌లో ఎక్కించడానికి తిప్పలు పడాలి.

ఇంకో సంగతి. డాల్ఫిన్ పార్కులకు అనుమతి ఇవ్వొద్దని మన దేశంలో కేంద్ర జూ అథారిటీ 2013లోనే రాష్ట్రాలకు చెప్పింది. అమెరికాలో ఓర్కా షోలతో పేరుపడ్డ సీవరల్డ్ పార్కుల కంపెనీ కూడా ఓర్కాల సంతానం పెంచడం మానేస్తున్నట్టు 2016లో ప్రకటించింది. గేమ్‌లో షో పెడితే పాపమేమీ కాదు, కానీ పిల్లలకు ఈ మాట చెవిన వేయండి.

మెగాక్వేరియం 2018లో వచ్చింది. ఇందులో డాల్ఫిన్లు లేవని తెలిసి మిర్యాలగూడలో ఉండే మా మేనల్లుడు "ఏంది మామా, గిదేం పార్కు?" అని మూతి ముడిచాడు. అయితే పార్కు నడపడంలో ఉన్న అసలు టెన్షన్ అంతా ఇందులోనే ఉంది. ఒక్కో చేపకు ఒక్కో లెక్క: వెచ్చటి నీళ్లా, చల్లటివా, ఎంత శుభ్రంగా ఉండాలి, ఏ మేత వేయాలి. ఫ్లోరైడ్ నీళ్లతో వేగిపోయిన జిల్లా మనది, ఫిల్టర్ విలువ మనకొకరు చెప్పాలా! ఆశకొద్దీ ట్యాంకులో చేపలు పెంచుకుంటూ పోతే ఉన్న ఫిల్టర్ చాలదు, నీళ్లు పాడై చేపలు చస్తాయి. కొన్ని పెద్ద చేపలు పక్కనున్న చిన్నవాటిని మింగేస్తాయి, కొన్ని ఊరికే వేధిస్తాయి. చిన్నగా ఉందని కొన్న సొరచేప పెరిగి పెద్ద ట్యాంకు కావాలంటుంది. మేత డబ్బా ఓ మూలన పెట్టారా, పనివాళ్లకు నడకతోనే పొద్దుపోతుంది, చేపలు ఆకలితో ఉంటాయి. ఎక్కడ ఏది పెట్టాలో ఆలోచిస్తుంటే రాత్రి ఎంతయిందో తెలియదు.

జూ నడిపే ఇంకో గేమ్ ప్లానెట్ జూ సంగతేంటని అడుగుతారు. దానికి జతగా 2020లో వచ్చిన ఆక్వాటిక్ ప్యాక్‌లో గ్రే సీల్, కింగ్ పెంగ్విన్, జెయింట్ ఆటర్ (పెద్ద నీటికుక్క) ఉన్నాయి. చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది అడవి జంతువుల గేమే, నీళ్లు అందులో ఒక పక్క మాత్రమే. పైగా కనీసం 8 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. కాలేజీ ప్రాజెక్టు కోసం కొన్న లాప్‌టాప్‌తో ఆశ పెట్టుకోకండి.

మెగాక్వేరియంలో తెలుగు లేదు, చేపల వివరాలన్నీ చదివి అర్థం చేసుకోవాలి. పదేళ్లలోపు పిల్లలైతే మొదట్లో పెద్దవాళ్లు పక్కన కూర్చుని క్యాంపెయిన్ (లెవెల్ తర్వాత లెవెల్ ఆడేది) మొదటి లెవెల్ ఆడించండి. మన ఇష్టమొచ్చినట్టు కట్టుకునే శాండ్‌బాక్స్ తర్వాత చూసుకోవచ్చు.