వేలాడే తోలు పట్టీనా, చెక్క పట్టీనా? బెజవాడ ఉక్కలో ఏది మేలు?

మంగలి కత్తితో ఇంట్లోనే గడ్డం గీసుకుందామనుకునేవాళ్లు ముందు కత్తి గురించే అడుగుతారు. జర్మనీలోని సోలింగెన్‌దా, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌దా, ఎంతకొస్తుంది అని. నన్నడిగితే ముందు కత్తిని రుద్ది పదును నిలిపే పట్టీ (స్ట్రాప్) గురించి అడగమంటాను. మంచి కత్తి కూడా నెల తిరక్కుండానే వెంట్రుకను కొయ్యకుండా లాగుతోందంటే, తప్పు చాలావరకు పట్టీ దగ్గరే ఉంటుంది. సానరాయి ఉక్కును అరగదీసి అంచు తెస్తుంది. దాని అవసరం కొన్ని నెలలకోసారి. పట్టీ ఆ అంచును సరిచేసి నునుపు చేస్తుంది. దాని అవసరం గీసుకున్న ప్రతిసారీ ఉంటుంది.

వేలాడే పట్టీకి ఒక పక్క తోలు, ఇంకో పక్క మందపాటి గుడ్డ ఉంటాయి. ఒక కొస కొక్కేనికి తగిలించి, రెండో కొస ఎడమ చేత్తో లాగి పట్టుకోవాలి. వన్ టౌన్‌లో మా నాన్న వెళ్లే షాపులో ఒక పెద్దాయన ఉండేవారు. ఇప్పుడు షాపుల్లో అందరూ సగం బ్లేడు పెట్టి గీస్తున్నారు, ఒకరి రక్తం ఇంకొకరికి అంటకుండా అదే మంచిది కూడా. ఆయన మాత్రం పాత పట్టీ గోడకు అలాగే ఉంచారు. నాకు పని నేర్పింది ఆయనే. కత్తిని తోలు మీద పూర్తిగా పడుకోబెట్టి, వీపు (పదును లేని మొద్దు వైపు) ముందు పోయేలా, అంచు వెనకాల వచ్చేలా నడిపేవారు. కొసకు రాగానే అంచును పైకి లేపి వీపు మీదే దొర్లించి వెనక్కి తెచ్చేవారు. "బాబూ, పట్టీని ఎంతైనా లాగు, కత్తిని మాత్రం నొక్కకు" అన్నది ఆయన చెప్పిన ఒకే ఒక్క సూత్రం. పట్టీ వదులైతే తోలు వంగి అంచును చుట్టుకుంటుంది, పదును గుండ్రబడిపోతుంది. నేను మొదటి వారంలోనే వీపు మీద తిప్పాల్సిన కత్తిని అంచు మీద తిప్పాను. తోలు మీద గోరు నొక్కినట్టు అర్ధచంద్రాకారంలో గాటు పడింది. సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేశాను కానీ, వేలు పెడితే ఆ చోటు ఇప్పటికీ తెలుస్తుంది.

చెక్క పట్టీలో ఈ బాధ తక్కువ. పలక మీద తోలు అతికించి ఉంటుంది కాబట్టి అది వదులయ్యే ప్రశ్నే లేదు. బల్ల మీద పెట్టుకుని నిదానంగా నేర్చుకోవచ్చు. పొడవు తక్కువ కావడమే దీని లోటు. ఒక్కో నడకలో కత్తి కొద్ది దూరమే పోతుంది, అందుకని ఎక్కువసార్లు తిప్పాలి. నేనైతే గుడ్డ మీద 20, తోలు మీద 50 సార్లు తిప్పుతాను. చెక్క పట్టీ మీదైతే 70 దాకా పోతాను.

ఏది కొన్నా వెడల్పు చూసుకోండి. కత్తి అంచు దాదాపు 3 అంగుళాలు ఉంటుంది. పట్టీ కూడా 3 అంగుళాలైతే కత్తి తిన్నగా పోతుంది. 2 అంగుళాలదైతే ఏటవాలుగా జార్చాలి, అది కొత్త చేతికి కుదరదు.

ఇక మన ఊరి సంగతి. రోహిణి కార్తెలో తోలు ఎండి బిర్రబిగుస్తుంది, శ్రావణంలో దానికే బూజు పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు మా బంధువుల ఇంట్లో ఉన్న నా వేలాడే పట్టీ తడిసిపోయింది. తొందరపడి ఎండలో ఆరేశాను. అప్పడంలా బిగుసుకుపోయి మళ్లీ మామూలు కాలేదు. తోలు తడిస్తే పొడిగుడ్డతో అద్ది, ఫ్యాను కింద నీడలోనే ఆరనివ్వాలి. రోజూ అరచేత్తో పదిసార్లు రుద్దితే చాలు, నూనె అక్కర్లేదు. బాత్‌రూమ్‌లో మాత్రం తగిలించకండి. గుమ్మం బయట కొక్కెం కొట్టుకోండి. చెక్క పట్టీనైతే బీరువాలో పెట్టేయొచ్చు, వానాకాలానికి అదే నయం.

తోలు ఇంట్లోకి రానివ్వని పెద్దవాళ్లున్న ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. అలాంటిచోట నవారు పట్టీ వాడొచ్చు. మంచాలకు అల్లే నూలు నవారే, ప్లాస్టిక్‌ది కాదు. శుభ్రంగా ఉతికి, ఆరబెట్టి, బిగువుగా లాగి కడితే రోజువారీ పనికి బాగానే సరిపోతుంది. తోలంత నునుపు మాత్రం రాదు. పదును ఇంకా పెంచే ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు (0.5 మైక్రాన్ రకం) వాడదలిస్తే దానికి వేరే ముక్క కేటాయించండి. రోజూ వాడే తోలు మీద రాస్తే మళ్లీ పోదు.

మొదటిసారి కొనేవాళ్లకు చెక్క పట్టీ అనే చెబుతాను. చెయ్యి కుదిరాక, వీపు మీద తిప్పడం నిద్రలో కూడా వచ్చేశాక, 3 అంగుళాల వేలాడేది కొనుక్కోండి. దాని మీద కత్తి పోతుంటే వచ్చే చప్పుడును బట్టే పదును వచ్చిందో లేదో తెలిసిపోతుంది. ఆ సుఖం చెక్క మీద లేదు.

ఇక గడ్డం గీసుకునే సబ్బును దేంట్లో పెట్టుకోవాలన్న విషయంలో నాకు అంత తర్జనభర్జన లేదు. రేకు డబ్బా తడికి తుప్పు పడుతుంది. చెక్క గిన్నె ఉబ్బి పగులుతుంది. స్టీలు గిన్నె మన్నుతుంది కానీ తేలిక కావడంతో బ్రష్షు తిప్పుతుంటే జారుతుంది. నాకు నచ్చింది వెడల్పు మూతి ఉన్న చిన్న జాడీ. బరువుగా కదలకుండా కూర్చుంటుంది, తుప్పు లేదు, పగుళ్లు లేవు. ఆవకాయ పెట్టిన జాడీ మాత్రం వద్దు, ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన సబ్బుకు పట్టేస్తుంది. కొత్తదే కొనండి.

అసలు చెయ్యాల్సింది మూత పెట్టే ముందు ఆరనివ్వడం. గీసుకోగానే పైన మిగిలిన నురగ పారబోసి, రాత్రిదాకా తెరిచి ఉంచి, అప్పుడు మూత పెట్టండి. తడి మీదే మూత పెడితే వానాకాలంలో వారం తిరిగేసరికి పైన జిగట, దాని మీద మచ్చలు. గ్లిజరిన్ ఎక్కువున్న సబ్బుది ఇంకో తంతు. అది గాలిలో తేమను లాక్కుని చెమట పట్టినట్టవుతుంది, కాబట్టి ఆరాక మూత బిగుతుగా ఉండాలి. ముందే కొని పెట్టుకున్న బిళ్లలను మైనపు కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, బీరువాలో కలరా ఉండలు లేని అరలో ఉంచండి.