బుడమేరు: గట్టు పెంచాలా, చోటు వదలాలా?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగాక ఈ వాదన మళ్లీ లేచింది.

గట్టు పక్షం చెప్పేది: గట్లు బలపరిచి, వాగు నీటిని మళ్లించే గేట్లున్న వెలగలేరు రెగ్యులేటర్ నుంచి కృష్ణలోకి పోయే మళ్లింపు కాలువను వెడల్పు చేద్దాం. టెండరు పిలవచ్చు, పని కంటికి కనిపిస్తుంది, నగరంలో ఇళ్ల జోలికి పోనక్కర్లేదు. చిక్కల్లా కృష్ణతోనే. వాగు పొంగిన రోజునే నదీ నిండితే కాలువ నీళ్లు అందులో కలవవు, వెనక్కి తంతాయి. ఆ సెప్టెంబరులో కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇటు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. గండి దాటిన నీళ్లు వాగు పాత దారే పట్టాయి. ఆ దారిలో ఇప్పుడు కాలనీలున్నాయి!

చోటు పక్షం కొల్లేరు దాకా వాగుకు దాని వెడల్పు తిరిగివ్వమంటుంది, ముంపు నేలలో కొత్త లేఅవుట్లు వద్దంటుంది. నీటి లెక్కకు ఇదే సరి. మరి కరెంటు మీటరు, ఇంటిపన్ను రసీదు ఇచ్చి, ఇప్పుడు ఆక్రమణ అంటే ఎవరు ఊరుకుంటారు?

నా ఓటు చోటుకే, ఇంకా ఖాళీగా ఉన్న నేల వరకు. ఇళ్లు లేచిపోయిన చోట గట్టే గతి, దాని మరమ్మతు మాత్రం వానలకు ముందే అయిపోవాలి.